రేవు పట్టణాలు, గైడు చెప్పే చరిత్ర

యాత్రా రచన మీద మన విమర్శకులు పెద్దగా దృష్టి పెట్టలేదు. కథ, కవిత, నవల, ఈ మూడింటి చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయాం. యాత్రా రచనను కాలక్షేపం ఖాతాలో వేసి పక్కన పెట్టాం. ఇక యాత్రల్లో గైడు నోటితో చెప్పే మాటను సాహిత్యంగా ఎవరు గుర్తిస్తారు? అయితే మనం అచ్చు వేసుకున్న కథల సంపుటి ఐదువందల ప్రతులు అమ్ముడుపోవడమే గగనమైపోతున్న చోట, రోజుకొక బస్సు జనానికి గైడు చరిత్ర చెబుతున్నాడు. అతని చేతిలో పుస్తకం లేదు గానీ నోట్లో పాఠం ఉంది. ఆ పాఠానికి ఒక ఎత్తుగడ ఉంది, పాత్రలున్నాయి, ముగింపు ఉంది. అన్నిటికీ మించి ఒక దృక్పథం ఉంది. దృక్పథం ఉన్న ప్రతి పాఠమూ విమర్శకు లోబడవలసిందే.

రెండేళ్ల కిందట మా బడి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుని బందరు వెళ్లాను. రామగుండంలో రాత్రి రైలెక్కి, తెల్లవారి విజయవాడలో దిగి, మాట్లాడుకున్న బస్సులో మచిలీపట్నం చేరాం. పిల్లల్లో చాలామంది తండ్రులు బాయిపని చేసేవాళ్లు. సముద్రం చూసినవాళ్లు నలభైమందిలో నలుగురైదుగురు. మాకు గైడుగా వచ్చిన యువకుడు చురుకైనవాడు, గొంతు బాగుంది, మాట తడుముకోడు. కోట చూపించాడు, ఆయుధాగారం చూపించాడు, డచ్చివారి సమాధుల దగ్గర చాలాసేపు నిలబెట్టాడు. నల్లరాతి పలకల మీద ఉబ్బెత్తుగా చెక్కిన వంశచిహ్నాలు, పుర్రెలు, అక్షరాలు నిజంగానే చూడదగ్గవి. ఆ తర్వాత లడ్డూ కొట్టు, ఆ తర్వాత మంగినపూడి బీచి. ఒక రోజు యాత్ర అంటే అదే.

సమాధుల దగ్గర ఒక పిల్ల అడిగింది: "సార్, ఇండ్ల అందరు తెల్లోళ్లేనా? మరి బట్ట నేసినోళ్ల గోరీలు ఏడున్నయ్ సార్?" గైడు నవ్వి, "అవి ఉండవమ్మా, పదండి, టైమైపోతోంది" అన్నాడు. నేనూ ఏమీ చెప్పలేదు. ఎమ్మే తెలుగు చదివి, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, నాకూ జవాబు తెలియదు.

తిరుగు రైల్లో ఆ యువకుడి మాటల్ని గుర్తు తెచ్చుకుంటూ కాగితం మీద రాసుకున్నాను. భాష చెప్పేవాడి అలవాటు కొద్దీ కర్త, కర్మ, క్రియలను విడదీసి చూశాను. డచ్చివారు 1605లో వచ్చారు. ఇంగ్లీషువారు 1611లో వర్తకశాల పెట్టారు. ఫ్రెంచివారు కోటను పట్టుకున్నారు. 1759లో కర్నల్ ఫోర్డ్ దాన్ని తిరిగి గెలిచాడు. క్రియలన్నిటికీ కర్తలు ఓడల్లో వచ్చినవాళ్లే. ఊళ్లో ఉన్నవాళ్లకు ఒక్క క్రియ కూడా దక్కలేదు. వాళ్ల ప్రస్తావన వచ్చిన ఒకే ఒక్క వాక్యం ఇది: "ఇక్కడి నుంచి నాణ్యమైన బట్టలు ఎగుమతి అయ్యేవి." చూడండి, ఎంత సౌకర్యంగా ఉందో ఈ అకర్మక క్రియ! బట్టలు వాటంతట అవే నేసుకుని, వాటంతట అవే అద్దుకుని, మూటలు కట్టుకుని, ఓడ ఎక్కినట్టు. దోపిడీని దాచడానికి అబద్ధం చెప్పనక్కర్లేదు, వ్యాకరణం చాలు.

ఇది ఆ యువకుడి తప్పు కాదని వెంటనే చెప్పాలి. అతను రోజు కూలికి పనిచేసే మనిషి. పర్యాటకుల సీజను అయిపోతే వేరే పని వెతుక్కునే మనిషి. అతనికి ఎవరో రెండు పేజీల కాగితం ఇచ్చారు, అది వల్లె వేశాడు. ఆ రెండు పేజీలూ రాసినవాళ్లు చరిత్ర తెలియనివాళ్లు కూడా కాకపోవచ్చు. రేవు అంటే గోడలు, దీపస్తంభం, సమాధులు అనుకున్నారు. రేవు అంటే రాకపోకలు. వెనక ఉన్న నేల లేకుండా రేవు లేదు. గుమ్మం చూపించి ఇల్లు చూపించకపోవడం మన తీరప్రాంతపు యాత్రలన్నిటిలోనూ ఉన్న లోపం. భీమునిపట్నంలోనూ ఇంతే. 1861 నాటి మునిసిపాలిటీ అంటారు, డచ్చివారి శ్మశానం అంటారు, గడియార స్తంభం అంటారు, ఫొటో దిగమంటారు.

వెనక నేల సంగతి చూద్దాం. కుతుబ్‌షాహీల కాలంలో, అంటే 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యేదాకా, ఆ రాజ్యానికి పెద్ద రేవు బందరే. గోలకొండ నుంచి బందరుకు బళ్లు నడిచిన దారి ఉంది, ఫ్రెంచి యాత్రికులు తవెర్నియే, తెవెనో ఆ దారి గురించి రాశారు. మాకు పడమట, గోదావరి ఎగువన ఉన్న నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు ఆ పల్లెకే వచ్చి కూర్చునేవారని 1820 ప్రాంతంలో హెన్రీ వోయిసీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు నమోదు చేశాడు. అంతకు ముందే, 17వ శతాబ్దంలో, గోలకొండ రాజ్యపు ఉక్కు బందరు మీదుగా ఓడలెక్కింది. కాబట్టి బొగ్గుగనుల నడుమ పెరిగిన మా పిల్లలకు బందరు పరాయి ఊరు కాదు. ఇనుమూ నిప్పూ తెలిసిన తెలంగాణ చేతులు అక్కడికి ఎప్పుడో చేరాయి. ఈ ఒక్క మాట గైడు చెప్పి ఉంటే మా పిల్లలు ఆ గోడల్ని ఇంకోలా చూసి ఉండేవాళ్లు.

ఇక నేతగాళ్లు. పశ్చిమ గోదావరిలో నరసాపురం దగ్గర మాధవాయిపాలెం అనే ఊరుంది. అక్కడ ఇంగ్లీషు కుంపిణీ వర్తకశాల ఉండేది. ఆ ఊళ్లో దొరికిన తెల్లబట్టకు ఆ ఊరి పేరే పెట్టి 'మడపోలం' అన్నారు, ఆ మాట ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. ఊరి పేరు బట్టకు మిగిలింది, నేసినవాడి పేరు దేనికీ మిగల్లేదు. కుంపిణీ పద్ధతి తెలిసిందే. దళారుల చేత నేతగాడికి బయానా ఇప్పిస్తారు. బయానా పుచ్చుకున్నవాడు ఆ బాకీ తీరేదాకా వేరేవాడికి గుడ్డ అమ్మకూడదు. కొలతలో తగ్గిందనో, నేత పలచబడిందనో నాసిరకం కింద కట్టి ధర కోస్తారు. 18వ శతాబ్దం చివరా, 19వ శతాబ్దం మొదట్లోనూ గోదావరి, విశాఖ ప్రాంతాల నేతగాళ్లు దీనిమీద అర్జీలు పెట్టుకున్నారు, మగ్గాలు ఆపారు, గుంపులుగా కదిలారు. ఆ అర్జీలు కుంపిణీ కాగితాల్లోనే ఉన్నాయి. సమాధి రాళ్లు లేకపోవచ్చు, మాట ఉంది. ఆ పిల్లకు నేను చెప్పవలసిన జవాబు అదే. నాకు ఆ రోజు తెలిసి ఉంటే బాగుండేది.

పెడన మా యాత్రలో లేదు. పది పన్నెండు కిలోమీటర్ల దూరం. డ్రైవరును బతిమాలి తీసుకెళ్లాను. అక్కడ కలంకారీ అద్దకం ఇంకా బతికి ఉంది. చెక్క అచ్చును రంగులో ముంచి గుడ్డమీద పెట్టి, అరచేతి మడమతో ఒక్క దెబ్బ కొడతారు. రోజంతా నిలబడి ఆ దెబ్బ కొట్టడమే పని. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలూ బెల్లమూ రోజుల తరబడి పులియబెడితే నల్లరంగుకు కావలసిన నీరు వస్తుంది. పటిక అద్దినచోట ఎరుపు పట్టుకుంటుంది. తర్వాత పారే నీళ్లలో ఉతకాలి. నడుంలోతు నీళ్లలో దిగి గుడ్డ జాడిస్తున్న మనిషిని చూసి మా పిల్లలు ఒడ్డున కూర్చుండిపోయారు. కోట దగ్గర పది నిమిషాలు నిలబడలేనివాళ్లు ఇక్కడ గంటన్నర కదల్లేదు. ఒకడు ఆ మనిషినే అడిగాడు, షిఫ్టు ఎన్ని గంటలని. పని తెలిసిన ఇంటి పిల్లలకు పని చూస్తే ప్రశ్నలు పుడతాయి.

బందరు కంటే కఠినమైన ఉదాహరణ కోరంగి. మా పక్కన పారే గోదావరి చివరికి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దక్షిణంగా ఉన్న రేవు అది. ఓడలు కట్టిన ఊరు. 1839 నవంబరు తుఫానులో ఉప్పెన వచ్చి ఊడ్చేసింది, తర్వాత పూర్వపు వైభవం తిరిగి రాలేదు. ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్లు మడ అడవులు చూడ్డానికి వెళ్తారు. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. చెక్కల బాట మీద నడిచి, పడవెక్కి, కొంగల్ని చూసి వస్తారు. మడ అడవి గొప్పదే, ఉప్పెనకు అడ్డుగోడ అదే, కాదనను. కానీ ఆ పేరుకు ఇంకో అర్థం ఉందని ఎవరూ చెప్పరు. బర్మాలో తెలుగు కూలీని 'కొరంగీ' అనేవారు. ఆ రేవు నుంచి, ఆ తీరం నుంచి వచ్చినవాడని. అది గౌరవంగా పిలిచే పేరు కాదు. రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో పొట్టు పీల్చినవాళ్లు, రిక్షా లాగినవాళ్లు కొరంగీలు. 1930 మే నెలలో రంగూన్ రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, యజమానులు బర్మా కూలీలను తెచ్చి పెట్టారు. సమ్మె ముగిశాక వాళ్లను తీసేసి పాతవాళ్లను పిలిచారు. కూలికీ కూలికీ మధ్య పెట్టిన ఆ చిచ్చు నెత్తుటి అల్లర్లయింది. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. ఇవన్నీ మోసిన ఒక పేరు నేడు టికెట్టు మీద అచ్చయి ఉంది, పక్కన కొంగ బొమ్మతో.

గైడును అన్నాం, టికెట్టును అన్నాం. మన సంగతేమిటి? శ్రీశ్రీ 'దేశచరిత్రలు' చదివి పెరిగిన తరం మనది. చరిత్రలో రాళ్లెత్తినవాళ్లెవరని అడగడం మనకు కొత్త కాదు. కానీ ఆ ప్రశ్నను సభల్లో ఎంతగా వల్లించామంటే, అది కూడా ఒక గైడు పాఠంలా తయారైంది. మన యాత్రా వ్యాసాల్లో ఎక్కడికి వెళ్లినా చివర 'అనామక శ్రామికులు' అనే మాట వస్తుంది, వ్యాసం ముగుస్తుంది. ఏ శ్రామికులు? ఏ పని? కూలి రోజుకా, మూటకా? బాకీ ఎవరికి? ఈ ప్రశ్నలు వేసుకోకుండా 'శ్రామిక వర్గం' అని రాయడం కంటే, డచ్చివాడి సమాధి మీద తేదీ సరిగ్గా చెప్పిన గైడే నయం. కనీసం అతను రాయి చూసి మాట్లాడాడు.

ఇక్కడ ఏనుగుల వీరాస్వామయ్యను గుర్తు చేసుకోవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద ఉద్యోగి, సంపన్నుడు, ఆచారపరుడు. 1830లో పరివారంతో కాశీకి బయలుదేరి, 1831లో జగన్నాథం నుంచి సముద్రతీరపు జిల్లాల మీదుగా తిరిగి వచ్చాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. వర్గరీత్యా ఆయన పల్లకీలో ఉన్నవాడు, దాన్ని మోసిన బోయీలతో కాదు. ఆ పరిమితులన్నీ పుస్తకంలో కనిపిస్తాయి. అయినా దారి ఎలా ఉంది, ఏ ఊళ్లో ఏ దినుసు దొరుకుతుంది, ఏ ధరకు దొరుకుతుంది, ఏరు ఎలా దాటాలి, ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారు, ఇవి రాశాడు. అభ్యుదయ దృక్పథం లేని ఆయన నుంచి ఆనాటి ఆర్థిక జీవితం మనకు తెలుస్తోంది. ఆ దృక్పథం ఉన్న మన యాత్రా వ్యాసాల నుంచి హోటలు అద్దె, రచయిత భావోద్వేగం తెలుస్తున్నాయి. దృక్పథం పరిశీలనకు బదులు కాదు. మన కథకులు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. అల్లం రాజయ్యో, తుమ్మేటి రఘోత్తమరెడ్డో కార్మికుడి గురించి రాస్తే ముందు పని కనబడుతుంది, తర్వాతే వర్గం. యాత్రా రచన ఆ కథల దగ్గర పాఠం నేర్చుకోలేదు.

ఒక మిత్రుడు ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి, "ఎప్పుడో ఒకసారి ఎల్టీసీ మీద పెళ్లాం బిడ్డలతో సముద్రం చూడబోయే కార్మికుడికి కూడా నువ్వు చాకిరీ కథే వినిపిస్తావా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. చీకట్లో పనిచేసే మనిషికి అంత నీలం ఒక్కసారి చూసే హక్కు ఉంది. లడ్డూ తినే హక్కూ ఉంది. మా పిల్లలు అలల్లో పడి అరుస్తుంటే నేను 1864 ఉప్పెన గురించి చెప్పలేదు, ఒక్క రాత్రిలో ముప్పై వేలమంది పోయిన నేల అది అని చెప్పలేదు. రైల్లో చెప్పాను. పెడనలో గంటన్నర గడిపిన ఆ పిల్లలు విసుగు చెందలేదన్నదే నేను అతనికి చెప్పగల జవాబు.

ఇది తీరప్రాంతంతో ముగిసే సంగతి కాదు. 2022 చివర్లో తెలంగాణ ఆర్టీసీ 'సింగరేణి దర్శన్' పేరుతో బొగ్గుగనులు చూపించే యాత్ర మొదలుపెట్టింది. ఇప్పుడు చూడబడే వంతు మనది. అలాంటి బస్సులో వచ్చినవాళ్లకు గైడు ఏం చెబుతాడు? "ఇక్కడి నుంచి నాణ్యమైన బొగ్గు రవాణా అవుతుంది" అంటాడా? తట్టా చెమ్మస్ పట్టిన ఫిల్లర్, పైకప్పుకు దుంగ ఆనించిన టింబర్‌మన్ ఏ వాక్యంలో కర్తలవుతారు? ఎవరో రెండు పేజీలు రాసి ఇచ్చేలోపు మనమే రాద్దామని గోదావరిఖని మిత్రులను అడిగాను. ఇద్దరు ఒప్పుకున్నారు. అందులో ఒకాయన రిటైరైన టింబర్‌మన్. రెండుసార్లు కూర్చున్నాం. పాఠం ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే ఆగి ఉన్నాం. నేను లాంప్ రూమ్ దగ్గర అన్నాను. ఆయన, కాదు, మొదటి షిఫ్టుకు సద్ది కట్టే ఇంట్లోంచి మొదలుపెట్టాలంటున్నాడు.