ఒక్క అంకె తప్పినా

ఫ్రీక్వెన్సీ చదివేటప్పుడు మధ్యలో వచ్చే చుక్కని లండన్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ‘డెసిమల్’ అంటాడు, న్యూయార్క్ కంట్రోలర్ ‘పాయింట్’ అంటాడు. గాలి పీడనం ఒకరికి హెక్టోపాస్కల్స్‌లో, మరొకరికి అంగుళాల్లో. వీటికి పైలట్లు ఇట్టే సర్దుకుంటారు.

నాకు ముచ్చటేసేది ల్యాండింగ్ అనుమతి. అమెరికాలో ముందు విమానం ఇంకా దిగకముందే వెనకదానికి ‘నంబర్ టూ, క్లియర్డ్ టు ల్యాండ్’ అనేస్తారు. యూరప్‌లో మామూలుగా ముందుది రన్‌వే ఖాళీ చేసేదాకా ఆ మాట నోట రాదు. ఒకరిది ధీమా, ఇంకొకరిది ఆచితూచే గుణం. నా ఓటు రెండోదానికే.

‘టేకాఫ్’ అనే మాటని మాత్రం అందరూ దాచుకునే వాడతారు. 1977లో టెనెరిఫెలో రెండు జంబోలు ఢీకొని 583 మంది పోయాక, ఆ అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప అది వినిపించదు, మిగతాప్పుడు ‘డిపార్చర్’. రన్‌వే మీదికొచ్చి అనుమతి కోసం ఆగమని చెప్పడానికి కూడా అమెరికా 2010లో తన ‘పొజిషన్ అండ్ హోల్డ్’ వదిలేసి, మిగతా దేశాల్లా ‘లైనప్ అండ్ వెయిట్’కి వచ్చింది.

యాస ఏదైనా పనితనం ఒకటే. తొమ్మిదిని ‘నైనర్’ అని సాగదీస్తారు, ఐదుతో కలిసిపోకుండా. పైలట్ తిరిగి అప్పజెప్పింది చెవి రిక్కించి వింటారు. ఒక్క అంకె తప్పిందా, ‘నెగటివ్’. మళ్లీ మొదటినుంచి, గొంతు పెంచకుండా.