వీడియో కూర్పులో సిద్ధపు అచ్చులు

ఆంధ్రప్రదేశ్‌లో కలంకారీ వస్త్రములు రెండు విధములుగా తయారగుచున్నవి. శ్రీకాళహస్తిలో పనివాడు కలము చేతబట్టి ప్రతి గీతను స్వయముగా గీయును. మచిలీపట్టణమునకు చేరువనున్న పెడనలో కొయ్యపై చెక్కిన అచ్చును రంగులో ముంచి బట్టపై అద్దుదురు. రెండును గౌరవింపదగిన విద్యలే. అయితే వానిలో ఒక భేదము కలదు. కలము తప్పినచో ఒక బట్ట చెడును. అచ్చు తప్పినచో దానితో అద్దిన బట్టలన్నియు చెడును. నేడు వీడియోల కూర్పులో విరివిగా వాడబడుచున్న టెంప్లేట్ల మంచిచెడ్డలను విచారించుటకు ఈ భేదమే ఆధారము.

హైదరాబాదులోని మాధాపురమున సైబర్ టవర్స్ భవనము 1998 నవంబరు 22న ప్రారంభమైనది. ఆ తరువాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల వెంట కంప్యూటరు కార్యాలయములు బారులు తీరినవి. కొత్త ఉద్యోగికి శిక్షణ ఇచ్చుటకు, సరుకును పరిచయము చేయుటకు, సభకు నాంది పలుకుటకు అచ్చట వీడియో కావలసి వచ్చుచున్నది. ఇంత పని ప్రతిసారి మొదటినుండి చేయుట ఎవరికిని సాధ్యము కాదు. అందుచేత సిద్ధపు అచ్చులకు గిరాకి ఏర్పడినది.

టెంప్లేటు అనగా నేమి?

వీడియోలో సాధారణముగా సెకనుకు 25 నిశ్చల చిత్రములు కంటి ముందు కదలిపోవును. పది సెకన్ల శీర్షికకు 250 చిత్రములు కావలెను. వీనినన్నిటిని ఎవరును చేతితో గీయరు. అక్షరము ఏ క్షణమున ఎచ్చట మొదలిడవలెనో, ఏ క్షణమున ఎచ్చట ఆగవలెనో నిర్ణయించి, ఆ రెండు స్థానములను మాత్రమే కంప్యూటరుకు తెలుపుదురు. వీనికి కీఫ్రేములని పేరు. నడిమి స్థానములను కంప్యూటరు లెక్కగట్టి నింపును. ఇట్టి కీఫ్రేములను, రంగులను, ఆకారములను ముందుగానే అమర్చి, మాటలు మార్చుకొనుటకు మాత్రము ఖాళీలు విడిచిన కట్టడమే టెంప్లేటు. ప్రీమియర్ ప్రో అను కూర్పు సాధనములో ఇట్టి అచ్చులను నేరుగా తెచ్చి వాడుకొను ఏర్పాటు 2017లో వచ్చినది.

దీని మేలును తక్కువచేసి చెప్పరాదు. ఒక రోజు పని గంటలో ముగియును. చిత్రలేఖనము నేర్వని ఉపాధ్యాయుడు సైతము తన పాఠమునకు చక్కని శీర్షిక పెట్టుకొనగలడు. పేరుపట్టీ, చివరి వందనము, అంకెల పట్టిక వంటి వానికి అచ్చు వాడుటలో దోషమేమియు లేదు. చిక్కు వచ్చునది వేరొకచోట. అచ్చు కేవలము అలంకారమైనంతవరకు నిరపాయము. అది అర్థమును మోయ మొదలిడిన క్షణమునుండి దానిని పరీక్షింపక వాడుట ప్రమాదము.

వత్తు తెగిన అక్షరము

మొదటి ప్రమాదము తెలుగు లిపికి కలుగుచున్నది. విపణిలోని అచ్చులలో అధిక భాగము రోమను అక్షరములను మనసులో ఉంచుకొని చేసినవి. రోమను అక్షరములు ఒకదాని ప్రక్క ఒకటి నిలుచును. తెలుగులో వత్తు క్రిందికి దిగును, గుడి పైకి లేచును. రోమను కొలతకు కట్టిన పెట్టెలో తెలుగు మాటను పోసినపుడు పెట్టె అడుగు అంచు వత్తును కోసివేయవచ్చును. అప్పుడు గద్ద గద యగును, అట్టు అటు యగును. ఆరోగ్యమును గూర్చిన వీడియోలో రక్తము కాస్తా రకము యగును. ఇది అందమునకు సంబంధించిన లోపము కాదు, అర్థమునకు సంబంధించిన లోపము.

అక్షరములను ఒక్కొక్కటిగా ఎగిరించు అచ్చులలో చిక్కు మరింత గాఢము. తెలుగు చదువరికి స్త్రీ ఒకే అక్షరము. కంప్యూటరు భద్రపరచునది మాత్రము స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అను ఆరు సంకేతములను. అచ్చు ఈ సంకేతములను విడివిడిగా కదిలించినచో తెరపై మొదట స, పిదప పొల్లు, ఆ పిదప త ఊడిపడి, చూచువానికి అక్షరము విరిగినట్లు తోచును.

సంయుక్తాక్షరములు యంత్రములకు ఎంత కఠినమో తెలుపు ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో బయటపడినది. జ్ఞా అను అక్షరమును ఒక ప్రత్యేకమైన కూర్పుతో పంపినపుడు ఆపిల్ ఫోన్లలో సందేశములు చూపు సాధనములు నిలిచిపోయెను. ఆ సంస్థ అదే నెలలో దిద్దుబాటు విడుదల చేసినది. జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే యంత్రమునకు అందకపోవుట గమనింపదగినది.

మెలిక తప్పిన డీఎన్ఏ

రెండవ ప్రమాదము శాస్త్ర విషయములకు. వాట్సన్, క్రిక్ 1953లో వెల్లడించిన డీఎన్ఏ జంట మెలిక కుడివైపు మెలిక. సాధారణపు మరమేకును నిలువుగా పట్టి చూచినచో ముందుభాగపు గాడులు ఎడమ క్రింది నుండి కుడి పైకి ఎక్కును. డీఎన్ఏ కూడ అట్లే ఎక్కవలెను. కాని సిద్ధముగా దొరకు చిత్రములలో ఎడమ మెలికలు తరచుగా కానవచ్చును. అచ్చు సరియైనదే అయినను, తెరపై చోటు కుదురుటకు కూర్పరి బొమ్మను కుడియెడమలుగా త్రిప్పివేసినచో అద్దములోని ప్రతిబింబమువలె మెలిక తారుమారగును. అక్షరములు త్రిప్పబడినచో పసివాడైనను పట్టుకొనును. డీఎన్ఏ త్రిప్పబడినచో పట్టుకొనువారు అరుదు. ఎడమ మెలికగల జెడ్ రూపపు డీఎన్ఏ ఉన్నమాట నిజమే. అలెగ్జాండర్ రిచ్ బృందము దానిని 1979లో చూపినది. అయితే దాని నిర్మాణమే వేరు. అది సాధారణ రూపమునకు ప్రతిబింబము కాదు.

కార్యాలయపు వీడియోలలో సహకారమునకు గుర్తుగా చూపు పళ్ళచక్రములను గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. మూడు చక్రములు పరస్పరము ఒకదానితో ఒకటి పెనవేసికొని కనబడును. మొదటిది కుడికి తిరిగినచో రెండవది ఎడమకు తిరుగవలెను. మూడవది మొదటిదానికి అనుగుణముగా ఎడమకును, రెండవదానికి అనుగుణముగా కుడికిని ఏకకాలమున తిరుగవలసియుండును. అది అసాధ్యము. యంత్రము బిగిసిపోవును. ఇంజనీర్లతో నిండిన ప్రాంతములోనే తిరుగలేని యంత్రము సహకారమునకు చిహ్నముగా ప్రదర్శింపబడుట విచిత్రము.

మూడవ ప్రమాదము పటములది. తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న ఏర్పడినది. లడఖ్ 2019 అక్టోబరు 31న కేంద్రపాలిత ప్రాంతమైనది. అంతకు పూర్వము చేసిన పటపు అచ్చు తనంతట తాను మారదు. దానిని చూడక వాడినచో మాధాపురములోని కార్యాలయము తన నగరమునే వేరొక రాష్ట్రములో చూపుకొనగలదు.

అచ్చు దొరకనిచోట

పై దోషములకు మూలము యంత్రము కాదు, పరిశీలన లేమి. పరిశీలన వలన ఏమి సిద్ధించునో హైదరాబాదే ఒకప్పుడు చూపినది. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వమున 2012 జూలై 6న విడుదలైన ఈగ చిత్రములో నాయకుడు ఒక ఈగ. అట్టి నటుడు ఏ విపణిలోను సిద్ధముగా దొరకడు. కన్నీరు కార్చలేని, పెదవి కదపలేని పురుగు చేత కోపమును, పట్టుదలను కాళ్ళు రెక్కల కదలికతోనే పలికించవలసి వచ్చినది. ఈ పని చేసిన హైదరాబాదు సంస్థ మకుటకు ఆ చిత్రము 60వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో స్పెషల్ ఎఫెక్ట్స్ బహుమతిని తెచ్చిపెట్టినది. ప్రతి శిక్షణ వీడియోకు ఇంత శ్రమ అక్కరలేదు. కాని విషయమును ముందు గమనించి, బొమ్మను తరువాత ఎన్నుకొను క్రమము చిన్న పనికిని వర్తించును.

చేయదగిన పని

తెలుగునకు తగిన అచ్చులు తయారగుటకు ఇప్పుడు సాధనములు చాలవరకు సమకూరినవి. మండలి, మల్లన్న, రామభద్ర, సురన్న వంటి యూనికోడు ఫాంట్లు ఉచితముగా లభించుచున్నవి. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడు 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరములను విడదీయక ఒకే ఘటకముగా లెక్కించు నియమము చేరినది. దానిని పాటించు సాధనములో స్త్రీ ముక్కలు కాక నిండుగా ఎగురగలదు. ఇక కావలసినవి వత్తుకు చోటు విడిచిన పెట్టెలు, సంకేతమును కాక అక్షరమును కదిలించు అమరికలు. ఇవి సైబరాబాదులోని ఇంజనీర్లకు అలవికాని పనులు కావు.

అంతవరకు కూర్పరి తనకు తానే పరీక్షకుడు కావలెను. వీడియోను బయటకు పంపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొన్నచో చాలును. ప్రతి వత్తు తెరపై నిలిచినదా? బొమ్మలోని వస్తువు నిజముగా అట్లే ఉండునా, అట్లే కదలునా? పటము నేటిదేనా? ఈ మూడింటికి ఐదు నిమిషములకంటె ఎక్కువ పట్టదు. పాఠశాలలో కూర్చున్న బాలుడు ఆ వీడియోను చూచి ఎడమ మెలికను నోటుపుస్తకములో దించుకొనినచో దానిని దిద్దుటకు మాత్రము ఎన్నో ఏండ్లు పట్టవచ్చును. పెడన పనివాడు సైతము కొత్త అచ్చును ముందుగా చిన్న గుడ్డపీలికపై అద్ది చూచి, ఆ తరువాతనే తానును పరచును.