సర్వనామాలూ, కథకుడి చూపూ

మన కథాసాహిత్యంలో వస్తువు గురించీ, శిల్పం గురించీ, దృక్పథం గురించీ విస్తారంగానే చర్చించుకున్నాం. 'వాడు', 'అతడు', 'ఆయన', 'అది', 'ఆమె' అనే చిన్న మాటలను మాత్రం వ్యాకరణం చూసుకుంటుందిలే అని వదిలేశాం. కథకుడు తన పాత్రలను ఏ మెట్టు మీద నిలబడి చూస్తున్నాడో ఈ మాటలే పట్టిస్తాయని నా అభిప్రాయం.

సర్వనామం తాను సూచించే నామంతో లింగంలో, వచనంలో పొందిక కలిగి ఉండాలన్నది బడిలో నేర్చిన పాఠం. తెలుగుకి అది చాలదు. ఇక్కడ పొందిక అంతస్తుతో కూడా కుదరాలి. ఇంగ్లీషులో రాజుకైనా రైతుకూలీకైనా మూడో పురుషలో ఒకే మాట. మనకి వాడు, అతడు, ఆయన, వారు అని మెట్లున్నాయి. మనిషి ఒకడే అయినా, అతనికి మనం కట్టే విలువను బట్టి మాట మారుతుంది.

చిత్తూరు జిల్లా పల్లెలో ఒక బెల్లం గానుగ దగ్గర జరిగే కథ అనుకుందాం. ఉదాహరణకి ఈ వాక్యాలు నేనే రాస్తున్నాను: 'భూస్వామి గానుగ దగ్గరికి వచ్చాడు. ఆయన చేతిలో గొడుగుంది. గంగులు పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తున్నాడు. వాడి ఒళ్లంతా చెమట.' గంగులుకి యాభై ఏళ్లు, భూస్వామికి ముప్ఫై. ఇక్కడ ఏ పాత్రా మాట్లాడడం లేదు. మాట్లాడుతున్నది కథకుడు. ఆ కథ చివర గంగులు తరఫున ఎంత ఆవేశపడినా, కథకుడు నిలబడింది గొడుగు నీడలోనే.

స్త్రీ పాత్రల విషయం ఇంకా జటిలమైనది. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి పురుషవాచకాలను మహత్తులన్నాడు, మిగిలినవాటిని అమహత్తులన్నాడు. ఏకవచనంలో స్త్రీకి, పశువుకి, వస్తువుకి క్రియ ఒకటే: లక్ష్మి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఒంటరిగా ఉన్నప్పుడు వస్తువైన స్త్రీ, నలుగురితో కలిస్తే మనిషవుతుందని దీనికి ఒక భాష్యం చెప్పవచ్చు. వినడానికి బాగుంటుంది గాని నిలవదు. చిత్తూరు సీమకి ఒకవైపు తమిళం, ఇంకోవైపు కన్నడం ఆనుకునే ఉన్నాయి. తమిళంలో 'అవళ్ వందాళ్', కన్నడంలో 'అవళు బందళు' అని ఏకవచనంలోనే స్త్రీకి ప్రత్యేకమైన రూపాలున్నాయి. అంతమాత్రాన సరిహద్దు దాటిన కూలిమనిషికి మగవాడితో సమానమైన కూలి దక్కిందా? భాషలోని లింగవ్యవస్థ నుంచి సమాజంలోని న్యాయాన్యాయాలను నేరుగా పిండలేం.

కనుక ఒక గీత గీసుకోవడం అవసరం. వ్యాకరణం నిర్బంధించిన చోట రచయితను తప్పు పట్టలేం. ఎంపిక ఇచ్చిన చోట అతడు బాధ్యుడే. 'వచ్చింది' అన్నది నిర్బంధం. ఆ వచ్చిన మనిషిని 'అది' అనడమా, 'ఆమె' అనడమా అన్నది ఎంపిక. అయ్యవారి భార్యను 'ఆమె' అనీ, చెనిక్కాయలు పెరికే కూలిమనిషిని 'అది' అనీ ఒకే పేజీలో రాస్తే ఆ బాధ్యతను పాణిని మీదికో, సూరి మీదికో నెట్టలేం.

పాత్రల సంభాషణకి ఈ నియమం వర్తించదు. భూస్వామి పాత్ర 'వాడు' అంటే అది అతని వర్గ సంస్కారం. దాన్ని దిద్దడం అబద్ధం రాయడమే. తల్లి కూతుర్ని 'అది' అంటే అందులో ఉన్నది చనువు. ఒకే మాటలో తిట్టూ, ముద్దూ కూడా ఇముడుతాయి. ఎవరు ఎవరితో అన్నారన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది. కథనంలో ఆ అన్నవాడు కథకుడే కాబట్టి జవాబు చెప్పవలసింది కూడా అతడే.

అభ్యుదయ కథల్లో కనిపించే మరొక పోకడ ఉంది. మొదటి పేజీలో 'వాడు'గా ఉన్న కూలీ, సంఘంలో చేరగానే 'అతడు' అవుతాడు. సమ్మె గెలిచాక 'ఆయన' అవుతాడు. ఇది చైతన్యపరిణామాన్ని చూపే శిల్పమని సమర్థించవచ్చు. ఊరు అతన్ని చూసే తీరు మారిందని చెప్పడానికి, ఊరివాళ్ల నోట సర్వనామం మారితే నేనూ ఒప్పుకుంటాను. కథకుడి నోట మారితే మాత్రం గౌరవం పోరాటానికిచ్చిన బహుమానమవుతుంది. మరి సంఘంలో చేరని కూలీ మనిషి కాడా?

అందరినీ 'ఆయన' అంటే సరిపోతుందా? సరిపోదు. బట్టలకి గంజి పెట్టినట్టు మర్యాదను పైన పూస్తే, అది దానం చేసినట్టే కనిపిస్తుంది. నేను కోరేది ఒకే కొలత. భూస్వామినీ, కూలీనీ ఇద్దరినీ 'అతడు' అనవచ్చు. లేదా ఊరి కొలతనే తీసుకోవచ్చు. ఈ సీమ వాడుకలో 'ఆయప్ప', 'ఆయమ్మ' ఉన్నాయి. అప్ప, అమ్మ అనే చుట్టరికాలు వీటి కడుపులోనే ఉన్నాయి. యాస పేరుతో వీటిని సంభాషణలకే పరిమితం చేసి, కథనంలో 'ఆయన', 'ఆవిడ'లుగా దిద్దుకోవడం మన బలాన్ని మనమే వదులుకోవడం. కె. సభా, మధురాంతకం రాజారాం, పులికంటి కృష్ణారెడ్డి ఈ నేల జీవితాన్ని కథల్లోకి తెచ్చారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'మిట్టూరోడి కతలు' అని పేరు పెట్టినప్పుడు ఆ 'ఓడు'లో ఉన్నది 'వాడు' అనే సర్వనామమే. దాన్ని కథకుడు ఇంకొకరి మీద విసరలేదు. తన మీదే వేసుకున్నాడు. అందుకే ఆ మాటలో చిన్నచూపు లేదు.

సాహిత్య విద్యార్థులు తమకి నచ్చిన కథనొకదాన్ని తీసుకొని, సంభాషణలు పక్కన పెట్టి, కథనంలో ఎవరికి ఏ సర్వనామం దక్కిందో ఒక కాగితం మీద రాసి చూడాలి. ఆ జాబితా పక్కన ఒక్కొక్క పాత్రకి ఎంత భూమి ఉందో కూడా రాయాలి. రెండు వరసలూ ఒకదానికొకటి సరిపోతే, ఆ కథ ముగింపు ఎంత ఎర్రగా ఉన్నా మళ్లీ చదవవలసిందే.