పురుడా, ఖైదా?

అనువాదం పనిలోకి వచ్చిన రెండో ఏడాది, మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం తెలుగు చేశాను. బీమా కింద వాళ్లకు ఏమేం రావాలో, ఎవరిని అడగాలో చెప్పే పుస్తకం అది. అందులో అడుగడుగునా 'కన్‌ఫైన్‌మెంట్' అన్న మాట తగిలింది. నిఘంటువు తీస్తే మొదటి అర్థం 'నిర్బంధం' అని ఉంది. రాసేశాను. 'నిర్బంధ తేదీకి ముందు', 'నిర్బంధం తర్వాత' అంటూ రెండు అధ్యాయాలు నడిచిపోయాయి. ప్రూఫులు దిద్దే పెద్దావిడ చదువుతూ చదువుతూ ఆగి, నన్ను పిలిచారు.

"ఏమ్మా, ఈ పుస్తకం ఎవరు చదువుతారు?"

"మిల్లుల్లో ఆడవాళ్లండీ."

"నెలలు నిండిన పిల్ల ఇది చదివితే తనను ఎక్కడికో పట్టుకుపోతారని బెంగపెట్టుకోదూ? ఇది పురుడమ్మా. పురుడు అని రాయి."

ఆ ప్రూఫు కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. 'నిర్బంధం' అని ఉన్న ప్రతిచోటా అడ్డగీత కొట్టి, అంచున గుండ్రటి చేతిరాతతో 'పురుడు' అని పదకొండుసార్లు రాశారావిడ. చివరి రెండింటికి వచ్చేసరికి ఎర్ర ఇంకు అయిపోయింది. అవి నీలం ఇంకుతో ఉన్నాయి.

ఇంగ్లిషు చట్టాల భాషలో ఆ మాటకు పురుడన్న అర్థం పాతదే. 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఆ మాటను నిర్వచించింది కూడా. బిడ్డ ప్రాణంతో పుడితే కన్‌ఫైన్‌మెంటే. 26 వారాల గర్భం దాటాక నొప్పులొచ్చి కాన్పయితే, బిడ్డ దక్కినా దక్కకపోయినా కన్‌ఫైన్‌మెంటే. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి కూడా సెలవు, డబ్బు అందాలనే ఆ నిర్వచనం రాశారు. అంత మనసుపెట్టి రాసిన నిబంధన నా చేతిలో జైలు వాక్యమైపోయింది.

ఆ తర్వాత ఆ మాట పుట్టుక వెతుక్కుంటూ వెళ్లాను. లాటిన్‌లో 'ఫినిస్' అంటే హద్దు. 'కన్‌ఫినిస్' అంటే హద్దు కలిసినది, మన భాషలో చెప్పాలంటే గట్టు పక్క పొలం. పొరుగును చెప్పిన మాట పోనుపోను ఇంగ్లిషులో మనిషి చుట్టూ గీసిన గీత అయింది. ఆ గీత ఎవరు గీశారో, ఎందుకు గీశారో, ఎవరు చెరిపితే మనిషి బయటికి రావచ్చో ఆ మాట చెప్పదు. మంటలు ఒక అంతస్తు దాటకపోయినా అదే మాట, ముసలాయన మంచం పట్టినా అదే మాట. తెలుగులో అన్నిటికీ సరిపోయే అలాంటి ఒక్క మాట లేదు. లేకపోవడం మంచిదే అంటాను. ఆ గీత సంగతి తెలుసుకోనిదే మనం వాక్యం రాయలేం.

ఇంగ్లండు రాణులు కాన్పుకు కొన్ని వారాల ముందే గదిలోకి వెళ్లిపోయేవారు. కిటికీలకు తెరలు దించేవారు, మగవాళ్లను రానిచ్చేవారు కాదు. మేరీ రాణి 1555 ఏప్రిల్‌లో హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌లో అలాగే పురిటి గదిలోకి వెళ్లింది. ఊయల సిద్ధం చేశారు. నెలలు గడిచినా బిడ్డ పుట్టలేదు, అసలది గర్భమే కాదు. ఉత్త చేతులతో ఆ గదిలోంచి బయటికొచ్చిన ఆ మనిషి సంగతి చదివిన రోజు నాకు పురుడు, ఖైదు అన్న రెండు మాటలూ ఒక్కసారే గుర్తొచ్చాయి.

మన ఇళ్లలో మాత్రం? నా మొదటి పురుడు అమ్మ దగ్గరే, గోదావరి పక్క మా ఊళ్లో. పెరటి వైపు గది నాకిచ్చారు. గుమ్మానికి వేపమండలు, మంచం కింద కుంపటి, సాయంత్రమైతే సాంబ్రాణి పొగ. గడప దాటొద్దన్నారు. 21వ రోజున తలంటి పోసి, బిడ్డను ఒళ్లో పెట్టి నూతి దగ్గరికి తీసుకెళ్లారు. నూతి గట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చేద నా చేతికిచ్చింది అమ్మ. తాడు అరచేతుల్లో గరగరలాడింది. బొక్కెన నీళ్లను తాకిన చప్పుడు విన్నాక "ఇంక నువ్వు ఇంట్లో తిరగొచ్చే" అంది. ఆ గీత గీసింది అమ్మే, చెరిపిందీ అమ్మే.

కానీ అమ్మ పురుడు అలా జరగలేదు. ఆ రోజుల్లో బాలింతకు నీళ్లెక్కువ ఇస్తే ఒంటికి నీరు పడుతుందని గొంతు తడిసేపాటి నీళ్లే ఇచ్చేవారట. మైల అని ఎవరూ దగ్గరికొచ్చేవారు కాదు. "అర్ధరాత్రి గోడ అవతల కుండలో గరిటె చప్పుడు వినపడేది, లేచి వెళ్లడానికి లేదు" అని చెప్పేది. పాలిచ్చే తల్లిని దాహంతో ఉంచడం తప్పు, ఆచారమైనా తప్పే. అది పురుడే అయినా నిర్బంధం కూడా. ప్రూఫులావిడ దిద్దుబాటు న్యాయమైనదే. అయితే అమ్మ కథ రాయాల్సి వస్తే నేను రెండో మాట కూడా వాడతాను.

ఈమధ్య మా పిన్ని కూతురు సింగపూర్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, ఇక్కడ చైనా వాళ్లు పురిటికి మనిషిని పెట్టుకుంటారు. కన్‌ఫైన్‌మెంట్ నానీ అంటారే!" అంది. నెల రోజులు ఇంట్లోనే ఉండి వండిపెట్టి, బిడ్డకు నీళ్లుపోసే ఆవిడ. అక్కడి ఇంగ్లిషులో ఆ పాత అర్థం నిక్షేపంగా బతికే ఉంది. తెలుగులో ఏమంటావని అడిగితే మంత్రసాని అంది. కాదు, మంత్రసాని కాన్పు చేసే మనిషి. ఈవిడను బాలింతను చూసుకునే మనిషి అంటే చాలు.

ఇక జైలు వైపు. 1860 నాటి ఐపీసీ రెండు నేరాలను విడదీసి చెప్పింది. మనిషి వెళ్లే హక్కున్న దారిని అడ్డుకోవడం ఒకటి, ఏ వైపూ వెళ్లకుండా ఒక హద్దులో ఉంచేయడం ఇంకొకటి. రెండోదే అక్రమ నిర్బంధం. అక్కడిచ్చిన ఉదాహరణల్లో ఒకటి గోడల మధ్యకు పంపి తాళం వేయడం. ఇంకో దాంట్లో తాళమే లేదు. ద్వారాల దగ్గర తుపాకులతో మనుషులను నిలబెట్టి, కదిలితే కాలుస్తారని చెప్పడం. ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అక్రమ నిర్బంధం 127వ సెక్షన్. తలుపు తెరిచే ఉన్నా మనిషి బందీ కావచ్చని చట్టానికి తెలుసు. అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీకి వచ్చి, బాకీ తీరేదాకా కదలడానికి లేదన్న మాట విన్న కూలీ గురించి రాసేటప్పుడు మన వార్తలకు కూడా అది తెలియాలి.

'గృహ నిర్బంధం' అన్న మాటతో నాకు పేచీ ఉంది. ధర్నా ఉన్న రోజు తెల్లవారుజామున పోలీసులు నాయకుడి గేటు ముందు కాపలా కాస్తే అదే మాట. మేజరైన కూతురిని తండ్రి గదిలో పెట్టి తాళం వేసినా అదే మాట. మొదటి దాంట్లో ఏ ఉత్తర్వు ప్రకారం అని పోలీసులను అడగాలి. రెండోది నేరం. 'తండ్రి తాళం వేశాడు' అని రాస్తే ఎంత, రెండు అక్షరాలు ఎక్కువవుతాయి. ఎవరు చేశారో తెలుస్తుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది 'సాలిటరీ కన్‌ఫైన్‌మెంట్'. దాన్ని 'ఏకాంత నిర్బంధం' అని రాస్తున్నాం. ఏకాంతం మనకు ఎంత ఇష్టమైన మాట! తిరుమలలో స్వామిని నిద్రపుచ్చే రాత్రి సేవ ఏకాంత సేవ. కొత్త దంపతులకు, ధ్యానానికి కూర్చున్నవాళ్లకు కావలసింది ఏకాంతం. చీకటి కొట్టులో మనిషి ముఖం చూడకుండా రోజులు లెక్కపెట్టే ఖైదీకి ఆ మాట ఎలా అంటగడతాం? శిక్షగా వేసినా ఒక విడతకు 14 రోజులు దాటకూడదని, మొత్తం మూడు నెలలు మించకూడదని పాత చట్టమూ చెప్పింది, కొత్తదీ చెబుతోంది. ఉరిశిక్ష పడినంత మాత్రాన ఖైదీని జైలు అధికారులు తమంతట తాము ఒంటరిగా పెట్టకూడదని 1978లో సునీల్ బత్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల ప్రకారం రోజుకు 22 గంటలు, ఆపైన మనిషితో మాటామంతీ లేకుండా ఉంచడమే ఈ శిక్ష. వరుసగా 15 రోజులు దాటితే ఆ నియమాలు దాన్ని నిషేధించాయి. ఇన్ని హద్దులు పెట్టారంటే అది మనిషిని ఏం చేస్తుందో తెలిసే కదా.

నేను పదేళ్లుగా దాన్ని 'ఒంటరి ఖైదు' అనే రాస్తున్నాను. మిల్లు ఆడవాళ్ల పుస్తకం రెండో ముద్రణలో పదకొండు చోట్లా పురుడు అనే ఉంది. డెస్కుల్లో కూర్చున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీ ముందుకు 'ఏకాంత నిర్బంధం' అన్న కాపీ వస్తే 'ఏకాంత' కొట్టేసి 'ఒంటరి' అని రాయండి.