మడతబందు మరమ్మతు

పాలేటి వంతెన దాటి హైదరాబాదు రహదారి ఆంధ్రదేశమున ప్రవేశించుచోట నున్న గరికపాడు మొదలుకొని జగ్గయ్యపేట, నందిగామల వఱకు వ్యాపించిన మెట్టసీమలో, వేసవియెండకు ముడుచుకొనిన కఱ్ఱ వానకారున తేమ త్రాగి ఉబ్బుచుండుటచేత, గోడ అలమారల తలుపులు ఒక ఋతువున బిగిసి మఱొక ఋతువున వదులగుట గృహస్థుల కెల్లరకు తెలిసిన సంగతియే. ఆ కదలికకు తోడు తలుపు బరువు మీది మడతబందు మరమేకులను వెలికి లాగుచు, క్రింది బందును చట్రముపై నొక్కుచుండును గావున, మేకుకన్నము మొదట పాడగునది సాధారణముగా మీదనే. తుమ్మవంటి వగరుగల కఱ్ఱలో ఇనుపమేకు తుప్పుపట్టినచో చుట్టును నల్లని మరక వ్యాపించి, నార మఱింత చివికిపోవును.

అట్టి కన్నములో లావుపాటి మేకును దిగగొట్టుట సులభమే గాని, అది రోగమును పెంచు చికిత్స. నేర్పరియైన వడ్రంగి శిథిలమైన నారను బరమాతో తొలగించి, గట్టి చెక్క కనబడు వఱకు కన్నమును గుండ్రముగా పెంచి, అదేజాతి చేవకఱ్ఱతో చెక్కిన బిళ్ళకు బంక పూసి బిగించును. ఇచ్చట కౌశలమంతయు నార దిశలో నున్నది. బిళ్ళను పుల్లవలె నిలువునారతో చెక్కినచో మరమేకు నారల నడుమ దూరి వానిని విడదీయును. నార తలుపు నారతోపాటు మేకునకు అడ్డముగా పరుండునట్లు కోసి దించినచో మేకుమర యొక్కొక్క నారను కఱచి పట్టుకొనును. ఈ సీమ యున్న జిల్లాలోనే కొండపల్లి బొమ్మల శిల్పులు తెల్లపొణికి కఱ్ఱ ముక్కలను అతుకుటకు, పగుళ్ళను పూడ్చుటకు చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కును వాడుదురు. కాని బొమ్మ యవయవములకు చాలిన ఆ మక్కు తలుపు బరువును మోయు మేకునకు ఆధారము కాజాలదు, అందు పొట్టు కలదే గాని అవిచ్ఛిన్నమైన నార లేదు.

బందుకు చోటు మార్చవలసివచ్చినపుడు క్రమమే ప్రధానము. పాత కన్నములను, పాత గాడిని చెక్కతో నింపి, బంక పూర్తిగా ఆఱిన పిమ్మట చిత్రిక పట్టి, అటుతరువాతనే కొత్త గుర్తులు పెట్టవలెను. సగము పూడిన కన్నము ప్రక్కనే కొత్తది తొలిచినచో బరమా మెత్తని వైపునకు జాఱును. తలుపు క్రింద చీలికలు పెట్టి యెత్తి, నాలుగువైపుల సందు సమముగా నున్నదని చూచుకొని, చట్రమునకు బిగించిన బందు రెక్కనుండియే గుర్తును తలుపుమీదికి దింపవలెను. మేకుకంటె సన్నని కన్నము తొలిచి, ఒక్కొక్క బందునకు ఒక్కొక్క మేకు మాత్రమే బిగించి, తలుపును మూసి తెఱచి చూచి, తక్కినవి బిగించుట వడ్రంగుల సంప్రదాయము.

నేటి వంటగదుల అలమారలలో తలుపులోనికి దిగు గిన్నెగల మడతబందులు, ఆటో హింజీలు, వచ్చినవి. వాని గిన్నెకు 35 మిల్లీమీటర్ల వెడల్పు కన్నము కావలెను. ఆ అలమారలకు వాడు, పొట్టును జిగురుతో నొక్కి చేసిన బోర్డులో దీర్ఘమైన నార లేకుండుటచేతను, నీరు సోకినచో అది ఉబ్బి విడిపోవుటచేతను పని కఠినతరమైనది. 2024 సెప్టెంబరు వరదలో పాలేరు పొంగి గరికపాడు వంతెననే దెబ్బతీసిన ఈ సీమలో తడిసిన బోర్డును అతుకుటకన్న, పాడైన భాగమును కోసి గట్టి ప్లైవుడ్డు ముక్కను బిగించి, బందును కొంత మీదికో క్రిందికో జరపుట యుక్తము.

ఒక కన్నము వదులైనంతనే తలుపును పాఱవేయు కాలమున ఈ విద్య అల్పముగా దోపవచ్చును. కాని బరువు ఏ దారిని పోవుచున్నదో, నార ఏ వైపునకు నడచుచున్నదో యెఱిగిన వడ్రంగి చేతిలో తాతలనాటి టేకు తలుపు మఱొక తరమునకు పనికివచ్చును; ఎఱుగనివాని చేతిలో కొత్త తలుపునకు సైతము మరుసటి వానకారులోనే మరమ్మతు తప్పదు.