కూలీ సంఘం, చట్టసభ, లీల

పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి కుటుంబంలో పుట్టారు. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని చెప్పే తోకను ఆయనే తీసేశారు. పెన్నా డెల్టాలో సముద్రానికి దగ్గరగా ఉన్న మాగాణి ఊరు అది. భూమి రెడ్లది, నాట్లూ కోతలూ మాలమాదిగ పేటలవి. పదిహేడేళ్లకు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, ఆ తర్వాత పార్టీ నిర్వాహకుడు అమీర్ హైదర్ ఖాన్ ద్వారా కమ్యూనిస్టైన ఈ యువకుడు మొదట సంఘం కట్టింది సొంత ఊరి కూలీలతోనే. అంటే కూలిరేట్ల తగాదాలో అవతలి పక్షం సొంతవాళ్లే.

సంఘం పనిలో విప్లవమనే మాటకు తావు తక్కువ. పేటలో చదువు చెప్పడం, సరుకులు సరసమైన ధరకు దొరికేలా చూడటం, అంటరానితనాన్ని ఎదిరించడం, కూలి పెంచమని అడగడం: ఇవన్నీ సంస్కరణలే. గొడవ మరోచోట ఉంది. వెంకటగిరి వంటి జమీందారీల మీద రైతు లేస్తే మెచ్చుకున్న నాయకులే, ఆ రైతును కూలి పెంచమని కూలీ నిలదీస్తే ముఖం చిట్లించేవారు. ఈ రెండింటినీ ఒకే సంఘంలో ఇమడ్చలేమని, కూలీలకు వేరే సంఘం కావాలని సుందరయ్య పట్టుబట్టారు. ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా దూరదృష్టి ఉన్నది బహుశా ఇదే. 1934లో పార్టీపై నిషేధం వచ్చాక కూడా ఇలాంటి బహిరంగ సంఘాలే దానికి ఊపిరి పోశాయి.

బొంబాయిలో పార్టీ కేంద్ర కార్యాలయంలో పనిచేసే లీలను 1943లో పెళ్లాడారు. ఉద్యమానికి అడ్డమవుతారని పిల్లలు వద్దనుకుని సుందరయ్య ఆపరేషన్ చేయించుకున్నారు. దీన్ని త్యాగమని పొగడటం రివాజు. పొగడ్తల్లో ఆయన పేరు వినిపించినంతగా లీల పేరు వినిపించదు. వదులుకున్నది మాత్రం ఇద్దరూ.

1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటం; దాని నాయకుల్లో సుందరయ్య ఒకరు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక తుపాకి దించాలా, పట్టుకునే ఉండాలా అన్నది పార్టీని చీల్చినంత పని చేసింది. 1951 అక్టోబరులో విరమించారు. నాలుగు వేల మంది ప్రాణాలు పోయాయని ఆ పోరాటంపై 1972లో వచ్చిన తన పుస్తకంలో సుందరయ్య రాశారు. విరమించిన మరుసటి ఏడే రాజ్యసభ సభ్యుడయ్యారు, పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారు. సైకిల్ కథ జనానికి నచ్చినంతగా, అడవి నుంచి సభకు ఒక్క ఏడాదిలో నడిచిన మనిషి మనసులో ఏముందన్నది ఎవరికీ పట్టలేదు.

జవాబు కొంత ఎమర్జెన్సీ రోజుల్లో దొరుకుతుంది. 1964 నుంచి మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఆయన, పార్టీ రివిజనిస్టు అలవాట్లలో పడిందని రాసి పదవికి రాజీనామా చేశారు. జనసంఘ్‌తో చేతులు కలపడం ఆయనకు మింగుడు పడలేదు; రహస్య నిర్మాణాన్నీ, రైతుకూలీ రంగాన్నీ నిర్లక్ష్యం చేశారన్నది మరో ఫిర్యాదు. అంత నిష్ఠూరమాడిన మనిషి పార్టీని వీడలేదు. రాష్ట్ర కార్యదర్శిగా తిరిగి పనిలోకి దిగి, 1978లో గన్నవరం నుంచి మళ్లీ శాసనసభకు వెళ్లారు. 1985 మే 19న మరణించారు.