ఆధారం చూపాలి

ఈ మాట మాకు కొత్త కాదు. రేషన్ కార్డు దగ్గర విన్నాం, బ్యాంకు కౌంటరు దగ్గర విన్నాం, అద్దె ఇంటి గుమ్మం ముందు విన్నాం. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు కాగితం అన్న మాటకే మా ఇళ్ళలో ముసలివాళ్ళు ట్రంకుపెట్టెలు దించి తాతల నాటి దస్తావేజులు వెతుక్కున్నారు. అదే మాట తెలుగు వికీపీడియాలో వాక్యం చివర చిన్న అక్షరాలతో కనిపిస్తుంది: ఆధారం చూపాలి. మొదటిసారి చూసినప్పుడు మాకు ఒళ్ళు మండింది. ఇక్కడ కూడానా అనుకున్నాం. ఆ కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగం మా తప్పు మేం చూసుకోలేని కోపం. ఆ రెండు సగాల్నీ విడదీసి చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ పనిని గౌరవించాలి. వికీపీడియా 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది. తెలుగుది 2003 డిసెంబరులో, ఉర్దూది 2004లో. రాసేవాళ్ళకి జీతం లేదు, పారితోషికం లేదు, వ్యాసం కింద పేరు కూడా ఉండదు. పగటి ఉద్యోగం ముగించుకుని రాత్రి కూచునే సాఫ్ట్‌వేరు వాళ్ళు, పంతుళ్ళు, రిటైరైన ఉద్యోగులు, ఊరు వదిలి పరాయి దేశంలో బతుకుతున్నవాళ్ళు కలిసి రాస్తున్నారు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుతారు. దిద్దిన ప్రతిసారీ తేదీతో, సమయంతో సహా నమోదవుతుంది. తేడా వస్తే ఆ వ్యాసానికున్న చర్చాపేజీలో వాదించుకుంటారు. అందరికీ సంబంధించిన మాటైతే 'రచ్చబండ' అని తాము పేరుపెట్టుకున్న పేజీలో తేల్చుకుంటారు. కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలకు మించి సాగకుండానే 1923లో ఆయన పోయారు. ఒక మహా పండితుడు ప్రాణం పెట్టినా పూర్తికాని పనిని ఈ పేరులేని మనుషులు చేతులు మార్చుకుంటూ లక్ష వ్యాసాలు దాటించారు.

ఇది ఎంత చాకిరీయో మా ప్రాంతం వాళ్ళకి సులువుగానే అర్థమవుతుంది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మదనపల్లె అప్పుడు చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకి పోయింది. పుంగనూరు, కుప్పం అప్పటికి చిత్తూరులోనే మిగిలాయి. ప్రభుత్వం గెజిట్‌తో చేసిన పనిని వికీపీడియాలో ఊరూరి పేజీలో, మండలం మండలం పేజీలో చేతితో దిద్దాలి. ఇట్లాంటి పని చేసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. కాబట్టి మేం చేసే విమర్శ ఈ మనుషుల శ్రమ మీద కాదు. ఆ శ్రమకి ముడిసరుకు ఎక్కడినుంచి వస్తోంది, అందులో మేం ఎందుకు లేం అన్నదే మా ప్రశ్న.

ఆ ప్రశ్న వెంటబెట్టుకునే మేం కుప్పం, పుంగనూరు, మదనపల్లె తిరిగాం. బస్సులో కూచుని, దాటుతున్న పల్లెల పేజీలు ఫోనులో తెరిచి చదువుతూ పోయాం. అన్నిటిదీ ఒకటే నడక. జనాభా, విద్యా సౌకర్యాలు, వైద్య సౌకర్యం, తాగునీరు, పారిశుధ్యం, భూమి వినియోగం, పండే పంటలు. ఎక్కువభాగం 2011 జనగణన పట్టికల నుంచి తెచ్చి అమర్చినవి. మగవాళ్ళెందరు, ఆడవాళ్ళెందరు, షెడ్యూల్డ్ కులాలవాళ్ళెందరు, తెగలవాళ్ళెందరు అని ఉంటుంది. ముస్లింలెందరు అని ఉండదు. ఇందులో ఎవరి కుట్రా లేదు. జనగణనవాళ్ళు మతం లెక్కల్ని మండలం, పట్టణం వరకే అచ్చువేస్తారు, పల్లె వరకు ఇవ్వరు. పట్టికలో లేనిది పేజీలోకి రాదు. బస్సు కిటికీలోంచి మసీదు మినార్ కనిపిస్తోంది, పక్కన పీర్ల చావిడి కనిపిస్తోంది. చేతిలోని పేజీలో ఆ ఊళ్ళో బోరుబావులున్నాయి, మేం లేం. తప్పు లెక్క ఒక్కటీ లేకుండానే ఒక సమాజాన్ని కనపడకుండా చేయవచ్చునని మేం ఆరోజు నేర్చుకున్నాం.

ఇక మాటల సంగతి. లక్ష్మణరావుని తెలుగు వికీపీడియన్లు తమ పెద్దగా తలుచుకుంటారు, ఆయన పేరుమీద పురస్కారం కూడా ఇచ్చుకున్నారు. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ ఆయనే దేశ చరిత్ర రాస్తూ ఒక భాగానికి హిందూ మహాయుగమనీ, ఇంకో భాగానికి మహమ్మదీయ మహాయుగమనీ పేర్లు పెట్టారు. 1817లో జేమ్స్ మిల్ అనే స్కాట్లండువాడు గీసిన గీతే అది. తర్వాత బడిపుస్తకాలన్నీ ఆ గీత వెంటే నడిచాయి. దురుద్దేశం లేని పండితుడి చేతిలో కూడా వాడుకలో ఉన్న విభజన తటస్థమైన విభజనలాగే కనిపిస్తుంది. వికీపీడియా మూల సూత్రాల్లో ఒకటి తటస్థ దృష్టి. మా విమర్శంతా ఆ మాట దగ్గరే మొదలవుతుంది. ఎవరి వాడుక తటస్థం? నూర్‌బాషా అని రాయాలా, దూదేకుల అని రాయాలా, పింజారి అని రాయాలా? పీర్ల పండుగ అనాలా, మొహర్రం అనాలా? ఎక్కువమంది వాడే పేరు పెట్టాలనే నియమం వినడానికి బాగుంటుంది. మమ్మల్ని ఎక్కువమంది పిలిచే పేరూ, మమ్మల్ని మేం పిలుచుకునే పేరూ ఒకటి కానప్పుడు ఆ నియమం ఎవరి పక్షాన నిలబడుతుందో చెప్పనక్కర్లేదు.

భాష దగ్గర ఇంకా చిక్కు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. బజారులో తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపిస్తాయి. 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసింది. మా ఇళ్ళలో మాట్లాడే దక్కనీ ఆ పేరు కింద ఇమడదు. పొరుగువాళ్ళు దాన్ని తురకం అంటారు. ఉర్దూ పండితులు దాన్ని పాడైపోయిన ఉర్దూ అంటారు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూని రెండో అధికార భాషగా చేసింది, సంతోషమే. కానీ మా అమ్మలు పెళ్ళిళ్ళలో ఢోలక్ పట్టుకుని పాడేది ఏ అధికార భాషలో? ఉర్దూ వికీపీడియా అదబీ ఉర్దూలో నడుస్తుంది, తెలుగుది పుస్తకాల తెలుగులో నడుస్తుంది. దక్కనీకి వేరే వికీపీడియా లేదు. ఒక ఇంట్లో రెండు గదులు, రెంటికీ మధ్య గుమ్మంలో మేం నిలబడి ఉన్నాం. పైగా ఆ పాటలు తెలిసింది ఆడవాళ్ళకి. కంప్యూటరు ముందు కూచునే తీరిక, ఆసరా మా ఇళ్ళలో ఎందరు ఆడవాళ్ళకి దొరుకుతున్నాయో మేమే చెప్పుకోవాలి.

ఇంతవరకూ కోపంలో న్యాయమైన సగం. రెండో సగం మాకు పుంగనూరులో ఎదురైంది.

అక్కడ ఒక పీర్ల చావిడి గురించి మేమే వ్యాసం రాద్దామని కూచున్నాం. చావిడి చూసుకునే పెద్దాయనను అడిగాం. అది ఎప్పటిది, ఎవరు కట్టించారు, పీర్లను ఎత్తే వంతు ఏయే కులాలది, అగ్గిగుండం ఎవరు తవ్వుతారు? వంతులు చెప్పాడు. గుండం తవ్వే కుటుంబాలు చెప్పాడు. అవి హిందువుల ఇళ్ళు. కట్టించిన సంగతి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. "కాగజ్ కాఁ హై బేటా? సబ్ హమారే అబ్బా కు మాలూమ్ థా" అన్నాడు. కాగితం లేదు. అంతా తెలిసిన తండ్రి లేడు.

సరే, పత్రికల్లో ఏదో ఒకటి వచ్చి ఉంటుంది గదా అని మా సొంత కత్తిరింపుల కట్ట విప్పాం. ఇరవై ఏళ్ళకు పైగా ఈ జిల్లాలో విలేకరులుగా పనిచేశాం. ఆ చావిడి గురించి మేం పంపిన వార్తలు నాలుగు దొరికాయి. నాలుగూ బందోబస్తు వార్తలే. ఎంతమంది పోలీసులు, ఎవరి పర్యవేక్షణ, ఊరేగింపు ప్రశాంతంగా ముగిసిందా లేదా. పీర్లను ఎత్తినవాడి పేరు ఒక్కదాంట్లోనూ లేదు. ఏ రోజైనా ఆ చావిడి మీద పేజీ వస్తే, ఎవరైనా బుద్ధిగా ఆధారాలు వెతికితే, దొరికేవి మా నాలుగు వార్తలు. అప్పుడు ఆ పండుగ తెలుగువాళ్ళ జ్ఞాపకంలో ఒక శాంతిభద్రతల సమస్యగా మిగిలిపోతుంది. రాసినవాళ్ళు మేమే, ముస్లిం పేర్లున్న విలేకరులమే. ఆధారం చూపమన్నవాడి మీద కోపం తెచ్చుకోవడానికి మాకున్న హక్కు ఎంత?

మదనపల్లె ఈ సంగతిని ఇంకో వైపు నుంచి చూపించింది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో అక్కడ పుట్టాడు. 1915లో థియోసాఫికల్ కళాశాల వచ్చింది. 1919లో ఠాగూర్ ఆ కళాశాలలో దిగి జనగణమనను ఇంగ్లీషు చేశాడు. వీటికి ఆధారాల కొదవ లేదు. చదువుకున్నవాళ్ళు ఉత్తరాలు దాచారు, సంచికలు వేశారు, జ్ఞాపకాలు అచ్చువేశారు. అదే ఊళ్ళో టమోటా మార్కెట్లో పెట్టెలు మోసే మా హమాలీల గురించి, లారీ షెడ్డుల్లో మా మెకానిక్కుల గురించి, దూది ఏకి పరుపులు కుట్టిన కుటుంబాల గురించి ఎవరు రాశారు? వికీపీడియాలో 'విషయ ప్రాముఖ్యత' అని ఒక కొలత ఉంది. ఒక సంగతి గురించి వేరేవాళ్ళు ముందే రాసి ఉంటేనే దానికి పేజీ. ప్రాముఖ్యం అచ్చు నుంచి వస్తుంది, అచ్చు అక్షరం నుంచి వస్తుంది, అక్షరం ఎవరికి ముందు దక్కిందో మనకి తెలుసు. ఆ కొలత కొత్తగా అన్యాయం చేయదు. జరిగిన అన్యాయాన్ని యథాతథంగా ఎత్తి రాసుకుంటుంది.

అయితే ఆ నియమాన్ని ఎత్తేయమందామా? మేం ఒప్పుకోం. రేపు ఎవడో వచ్చి ఫలానా దర్గా ఒకప్పుడు ఇంకేదో అని రాస్తే, ఆధారం చూపాలి అని అడగగలిగే మాట ఒక్కటే మన చేతిలో ఉంటుంది. గుర్రంకొండ కోట మదనపల్లెకి దగ్గరే. హైదర్, టిప్పుల పాలన ఆనవాళ్ళు అక్కడ ఇంకా నిలిచి ఉన్నాయి. ఇంగ్లీషు వికీపీడియాలో టిప్పు సుల్తాన్ వ్యాసం చర్చాపేజీ తెరిస్తే, ఎంత పెనుగులాట జరిగిందో వరసగా చదవవచ్చు. ఎవరు ఏ వాక్యం తీసేశారు, ఎవరు మళ్ళీ పెట్టారు, ఏ పుస్తకం చూపించారు, అంతా అక్కడే ఉంటుంది. మన ఊళ్ళలో పుకారు పుట్టించినవాడి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆ తేడా చిన్నది కాదు.

నియమాన్ని ఉంచుతూనే దాన్ని వెడల్పు చేయమని అడగవచ్చు. బెంగళూరుకి చెందిన అచల్ ప్రభల 2011లో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల వికీపీడియన్లతో కలిసి ఒక ప్రయత్నం చేశారు. అచ్చులో లేని సంగతుల్ని తెలిసినవాళ్ళతో చెప్పించి, రికార్డు చేసి, ఆ రికార్డునే ఆధారంగా చూపించారు. ఇంగ్లీషు వికీపీడియా దాన్ని నియమంగా తీసుకోలేదు. కానీ దారి ఉందని తేలింది. తెలుగు వికీపీడియన్లు రచ్చబండలో దీని గురించి గట్టిగా మాట్లాడాలని మా కోరిక. ముస్లింల కోసమే కాదు. దళితుల, గిరిజనుల, సంచారజాతుల ఊళ్ళన్నిటికీ ఇదే గతి.

చివరికి 'మేం' అన్న మాట దగ్గరికి వస్తాం. ఈ వ్యాసం నిండా మేం, మేం అని రాశాం. వికీపీడియాలో ఆ మాటకి చోటు లేదు. అస్తిత్వం కోసం రాసేవాళ్ళకి ఇది మింగుడుపడదు. అయితే ఒకసారి వెనక్కి చూద్దాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా', 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', 2011లో వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' వచ్చాయి. వాళ్ళు 'మేం' అని అచ్చులో అన్నారు కాబట్టే ఈరోజు ఎవరైనా 'తెలుగు ముస్లిం రచయితలు ఇలా అన్నారు' అని ఆధారంతో రాయగలుగుతున్నారు. ముందు ఎవరో ఒకరు 'మేం' అనాలి. తర్వాత ఎవరో ఒకరు దాన్ని అందరూ నమ్మే మాటలో పెట్టాలి. రెండూ మన పనులే. మొదటిది చేసి రెండోది వదిలేస్తే మన గురించి ఇతరులే రాస్తారు. మొదటిది చేయకుండా రెండోది అడిగితే చేతిలో ఏమీ ఉండదు.

పుంగనూరు పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాం, ఈసారి రికార్డరు పట్టుకుని. తండ్రికి తెలిసింది పోయింది. ఆయనకి తెలిసింది ఇంకా ఉంది. ఈ సంకలనం చదువుతున్నవాళ్ళు, ముస్లింలైనా కాకపోయినా, మీ వీధిలో ఉన్న ఒక్క చావిడి గురించి, ఒక్క వృత్తి గురించి, ఒక్క ఢోలక్ పాట గురించి తెలిసినవాళ్ళు ఉండగానే అడగండి. పేరు, ఊరు, తేదీ వేసి ఎక్కడో ఒకచోట అచ్చువేయించండి. రేపు ఎవరో ముక్కూమొహం తెలియని వికీపీడియన్ ఆధారం చూపాలి అన్నప్పుడు, ఇదుగో అని చూపించడానికి మన దగ్గర ఒక కాగితం ఉండాలి.